సుంకం సున్నా అన్నారు, మరి నా సున్నుండల పార్సిల్ ఎందుకు తిరిగొచ్చింది? (బ్రెగ్జిట్ గోడు)

లెస్టర్_పొడులు
డబ్లిన్‌కి పంపిన పార్సిల్ ఇవాళ తిరిగొచ్చింది. ఈ ఏడాదిలో ఇది మూడోది. రెండు కిలోల కంది పొడి, కిలో కరివేపాకు పొడి, ఒక డబ్బా సున్నుండలు. పెట్టె మీద నేనేసిన టేపు, దాని మీద వాళ్లేసిన టేపు, మూలన నెయ్యి మరక. తెరిచి చూస్తే సున్నుండలు సున్నిపిండి అయిపోయాయి.

2018లో ఇంట్లోంచే మొదలుపెట్టాను. కౌన్సిల్లో రిజిస్టర్ చేయించాను, పరిశుభ్రతకి 5 రేటింగ్ ఉంది. అప్పట్లో డబ్లిన్‌కి పంపినా మాంచెస్టర్‌కి పంపినా ఒకటే పని. చీటీ అంటించడం, పోస్టాఫీసులో ఇవ్వడం. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సంక్రాంతికి ఎన్ని ఆర్డర్లొచ్చేవో! అమ్మకాల్లో మూడో వంతు యూరప్ నుంచే. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికొచ్చాక, 2021 జనవరి నుంచి ఆ మూడో వంతు కరిగి కరిగి, ఇప్పుడు నెలకి రెండు మూడు పెట్టెలకి దిగింది. అందులోనూ కొన్ని ఇలా పుట్టింటికి తిరిగొస్తాయి.

ఈయూతో ఒప్పందం కుదిరింది, సుంకం సున్నా, ఎంత పంపినా పరిమితి లేదు అని టీవీలో చెప్పారు కదా. సున్నా అయితే ఈ గోలంతా ఎందుకు? అందరిదీ ఇదే పరిస్థితా, నా చేతకానితనమా?

గోదారి_రొయ్య
నెయ్యి పోసి మళ్లీ చుట్టెయ్యండి అక్కా.

లెస్టర్_పొడులు
చుట్టాను. పిల్లలు తింటున్నారు. పోస్టేజీ డబ్బులు ఎవరిస్తారు?

కోడ్_రావు
చేతకానితనం కాదమ్మా. నేను ఫెలిక్‌స్టో రేవులో కస్టమ్స్ కాగితాల పని చేస్తాను, రోజూ ఇదే గోల వింటాను. మీకు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం.

2020 డిసెంబర్ 24న, అంటే పాత రూళ్లు ముగిసే గడువుకి వారం ముందు కుదిరిన ఒప్పందంలో సుంకం లేనిది బ్రిటన్‌లోనో ఈయూలోనో తయారైన సరుక్కి. ఎక్కడో పండిన దాన్ని ఇక్కడికి తెచ్చి సంచి మార్చి పంపితే అది బ్రిటన్ సరుకు అవ్వదు. మీ కందిపప్పు ఇక్కడ పండలేదు. వేయించి పొడి కొడితే 'ఇక్కడ తయారైనట్టు' లెక్కా కాదా అన్నది మళ్లీ ఒక్కో సరుక్కి ఒక్కో రూలు. ఆ రూలు చదివి, నిరూపించే కాగితం దగ్గర పెట్టుకోవాలి. పెద్ద కంపెనీ అయితే దానికో మనిషిని పెట్టుకుంటుంది. మీరు పొడి దంచుతూ చదవాలి.

ఇక సుంకం సున్నా అయినా సరిహద్దు సరిహద్దే. సరుకు కోడ్ రాయాలి, విలువ రాయాలి, బరువు రాయాలి, అవతల వ్యాట్ ఎవరు కడతారో చెప్పాలి. ఉమ్మడి మార్కెట్లో ఉన్నన్నాళ్లూ సరిహద్దు దగ్గర వీటిలో ఒక్కటీ లేదు.

మీ డబ్బాలో అసలు నేరస్థులు సున్నుండలే. నెయ్యి పాల పదార్థం. పాలు, మాంసం, చేపలు బయటి దేశం నుంచి ఈయూలోకి అమ్మకానికి వెళ్లాలంటే చాలావాటికి ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, దాని మీద పశువుల డాక్టరు సంతకం పెట్టాలి. ఒక్కోదానికి 200 పౌండ్ల దాకా అవుతుంది. లారీ నిండా చీజ్ పంపేవాడికి అది టీ ఖర్చు. మీకు?

గోదారి_రొయ్య
సున్నుండకి పశువుల డాక్టరా!! 😂😂

లెస్టర్_పొడులు
ఒక్కో డబ్బా 9 పౌండ్లకి అమ్ముతాను రావు గారూ.

డబ్లిన్_దోశ
అక్కా, ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఈ మూడో పార్సిల్ సంగతి నాకు తెలీదు కానీ, మొదట తిరిగొచ్చింది మాత్రం నాదే. పోస్టువాళ్లు చీటీ పెట్టి వెళ్లారు. పన్ను, దాని మీద వాళ్ల హ్యాండ్లింగ్ చార్జీ కలిపి చూస్తే పొడుల ధరలో సగం ఉంది. నేను కట్టను పొమ్మన్నాను. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు.

లెస్టర్_పొడులు
నువ్వా! పోస్టువాళ్లే పోగొట్టారని చెప్పి డబ్బులు కూడా వెనక్కి తీసుకున్నావు.

డబ్లిన్_దోశ
😶

బెజవాడ_లారీ
నాకు లండన్ తెలీదు, లారీ తెలుసు. ఆటోనగర్లో మూడు బళ్లు మావి. రావు గారు చెప్పింది మా భాషలో చెబుతాను.

2017 జులై 1కి ముందు ఇక్కణ్ణుంచి చెన్నైకి మిర్చి తోలితే రాష్ట్రం దాటేచోట చెక్‌పోస్టు ఉండేది. పన్ను ఎప్పుడో కట్టేసిన సరుకే. అయినా బండి ఆగాలి. వే బిల్లు చూపించు, ఇన్వాయిస్ చూపించు, పర్మిట్టు చూపించు. టైర్ల మధ్య చాప పరుచుకుని క్లీనరు పడుకునేవాడు. రాత్రి పదికి లైన్లో పెడితే తెల్లవారి నాలుగుకి కదిలిన రోజులున్నాయి. ఆ ఆరు గంటలకి బత్తా నాది, టీలు నావి, ఫైనాన్స్ వాడి వడ్డీ నాది. దోమలు ఫ్రీ. టమాటా లోడైతే అడుగు పెట్టెలు కారడం మొదలు.

జీఎస్టీ వచ్చాక గేట్లు ఎత్తేశారు. అదే బండి, అదే డ్రైవరు, నెలకి ఒకటో రెండో ట్రిప్పులు ఎక్కువ పడ్డాయి. బ్రెగ్జిట్‌తో బ్రిటన్ వాళ్లు చేసింది ఏమిటంటే, ఎత్తేసిన గేటుని మళ్లీ దించుకున్నారు. సుంకం సున్నా అయితే ఏమిటి, గేటు దగ్గర బండి ఆగింది కదా.

గ్రూప్1_గుండెదడ
అన్నా, ఈ చెక్‌పోస్టు ఉదాహరణ మెయిన్స్‌లో రాసేస్తున్నా. కోచింగ్ నోట్సులో మూడు పేజీల్లో లేనిది ఇక్కడ దొరికింది.

బెజవాడ_లారీ
రాసుకో. దోమలు మాత్రం రాయకు, మార్కులు కోస్తారు.

ఇంకోటి. విడిపోవడం అంటే మాకూ తెలుసు. రాష్ట్రం రెండయ్యాక 2015 ఏప్రిల్ నుంచి ఏపీ బండి తెలంగాణలోకి వెళ్లాలంటే విడిగా పన్ను కట్టాల్సొచ్చింది. అంతకుముందు వారమే అదే రోడ్డు మీద ఈల వేసుకుంటూ వెళ్లిన బండి.

సికింద్రాబాద్_చాయ్
అన్నా దానికీ దీనికీ లంకె పెట్టొద్దు. మనది ఒకే రూపాయి, ఒకే దేశం, ఎవరు ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చు. రెండు రాష్ట్రాలూ ఒకే మార్కెట్లో ఉన్నాయి. వాళ్లు మార్కెట్టునే వదిలేశారు.

బెజవాడ_లారీ
బండి పన్ను గురించి చెప్పాను తమ్ముడూ, పంపకాల గురించి కాదు.

వేదిక_కాపలా
రాష్ట్ర విభజన చర్చకి వేరే దారం ఉంది, 114 పేజీలు దాటింది. ఇక్కడ బ్రెగ్జిట్, సున్నుండలు మాత్రమే.

స్లౌ_సత్తిబాబు
అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను ఎదురు పాడతాను. 2016 జూన్ 23న, ఈయూలో ఉండాలా వద్దా అన్న రిఫరెండంలో నేను బయటికే ఓటేశాను. అప్పుడు నాది ఇండియా పాస్‌పోర్టే. కామన్వెల్త్ వాళ్లం కాబట్టి మాకు ఓటుంది, పక్కింటి పోలండ్ వాడికి లేదు. మా ఊళ్లో 54 శాతం నాలాగే వేశారు, నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణి కాదు.

నాకు చిన్న హోటల్ ఉంది. తెనాలి నుంచి ఒక వంటవాణ్ణి తెచ్చుకుందామంటే వీసా లేదు. ఈయూ నుంచి ఎవరైనా బస్సెక్కి వచ్చి పనిలో చేరొచ్చు. వాడికి పెసరట్టు తెలీదు. మన కూరల హోటళ్లని కాపాడతాం, అందరికీ ఒకే రూలు పెడతాం అని బయటికి రమ్మన్నవాళ్లు అన్నారు, నమ్మాను.

ఇక భయపెట్టినవాళ్ల సంగతి. బయటికి ఓటేస్తే వెంటనే మాంద్యం వస్తుంది, 5 లక్షల ఉద్యోగాలు పోతాయని ఆర్థిక శాఖే రాసింది. వచ్చిందా? రాలేదు. 2025లో ట్రంప్ సుంకాలు వేస్తే ఈయూకి 15 శాతం పడింది, మాకు 10. ఇండియాతో ఒప్పందం 2025 జులై 24న సంతకం అయింది. ఈయూలో ఉంటే విడిగా చేసుకునే వీలే లేదు. వీటి గురించి ఎవరూ మాట్లాడరేం?

కోడ్_రావు
మాంద్యం సంగతి ఒప్పుకుంటాను సత్తిబాబు గారూ, ఆ జోస్యం తప్పింది. ట్రంప్ 10 శాతం కూడా అప్పట్లో లాభమే. కానీ మీ తెనాలి వంటవాడు వచ్చాడా?

స్లౌ_సత్తిబాబు
2022లో వచ్చాడు.

కోడ్_రావు
ఇంకో ఇద్దర్ని ఇప్పుడు తెచ్చుకోగలరా?

స్లౌ_సత్తిబాబు
లేదు. 2024 ఏప్రిల్లో వీసాకి కావాల్సిన కనీస జీతం ఏడాదికి 38,700 పౌండ్లకి పెంచారు. 2025 జులైలో డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే వీసా అన్నారు, వంటవాళ్లు పోయారు. సరే, ఆ విషయంలో మోసపోయాను. ఓటు విషయంలో కాదు.

మిల్టన్‌కీన్స్_కోడలు
పెసరట్టు డిగ్రీ స్థాయి కాదని ఎవరు చెప్పారు వాళ్లకి

గ్రూప్1_గుండెదడ
నాకో అనుమానం. ఓబీఆర్ అనే బ్రిటన్ బడ్జెట్ అంచనాల సంస్థ బ్రెగ్జిట్ వల్ల 4 శాతం నష్టం అంటుంది. అంటే బ్రిటన్ జీడీపీ 4 శాతం పడిపోయిందా? గ్రాఫ్ చూస్తే కోవిడ్ గుంట తప్ప పెద్దగా పడినట్టు లేదు.

లెక్కల_మాస్టారు
పడిపోలేదు నాయనా. నీకు రేపు ఉద్యోగం వచ్చిందనుకో. ఏటా ఇంక్రిమెంటు రావాలి. పై వాడితో గొడవ పడి డిపార్ట్‌మెంటు మారావు. జీతం తగ్గలేదు, ఇంక్రిమెంటు మాత్రం సగమే వస్తోంది. పదిహేనేళ్ల తర్వాత పాత డిపార్ట్‌మెంటులోనే ఉన్న స్నేహితుడి జీతంతో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. ఓబీఆర్ చెప్పే 4 శాతం అలాంటిది. ఈయూలో ఉండిపోతే ఉత్పాదకత ఎంత ఉండేదో దానికంటే దీర్ఘకాలంలో అంత తక్కువ అని. ఎగుమతులు, దిగుమతులు 15 శాతం తక్కువగా ఉంటాయన్న అంచనా మీద కట్టిన లెక్క అది.

సత్తిబాబు గారి పక్షాన ఒక మాట. ఉండిపోయిన బ్రిటన్ అనేది ఎక్కడా లేదు, అది ఊహ. మధ్యలో కోవిడ్ వచ్చింది, ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, గ్యాస్ ధర మండింది. ఏ నష్టం ఎవరిదో విడదీయడం పప్పులో ఉప్పు ఏరడం లాంటిది. అందుకే ఈ అంకెలతో తగాదా పడేవాళ్లు ఆర్థికవేత్తల్లోనూ ఉన్నారు. నష్టం ఉందనేవాళ్లే ఎక్కువ.

రూపాయి_పౌండు
నాకు మాత్రం అంకె ఊహ కాదు, బ్యాంకు స్టేట్‌మెంట్. కూకట్‌పల్లిలో ఫ్లాట్ ఈఎంఐ ఇక్కణ్ణుంచి కట్టేవాణ్ణి. జూన్ 23 రాత్రి పౌండు 100 రూపాయలకి దగ్గర్లో ఉంది. ఫలితాలు చూస్తూ సోఫాలోనే నిద్రపోయాను. లేచేసరికి 1985 తర్వాత డాలరుతో ఇంత తక్కువ ఎప్పుడూ లేదని టీవీలో. మనకి 93 దగ్గరికొచ్చింది, అక్టోబరుకి 82. నా జీతం పైసా తగ్గలేదు, ఈఎంఐ మాత్రం ఐదో వంతు బరువెక్కింది.

మిల్టన్‌కీన్స్_కోడలు
మా తమ్ముడు అదే సెప్టెంబర్లో ఎమ్మెస్‌కి వచ్చాడు, ఫీజు కలిసొచ్చింది. నాన్న ఇప్పటికీ బ్రెగ్జిట్ మంచిదే అంటారు.

జీడిమెట్ల_ఫైళ్లు
మందుల కంపెనీల్లో ఈ గొడవ ఎలా నడిచిందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. నాది రెగ్యులేటరీ పని, కంపెనీ పేరు వద్దు.

మన హైదరాబాద్ కంపెనీల్లో చాలావాటికి యూరప్‌లోకి తలుపు అప్పట్లో లండనే. ఇంగ్లిష్ వచ్చు, మనవాళ్లున్నారు, ఈయూ మందుల ఏజెన్సీ కూడా అప్పుడు అక్కడే. అక్కడ చిన్న ఆఫీసు పెట్టి, దాని పేరు మీద లైసెన్సు తీసుకుంటే జర్మనీ, స్పెయిన్ అన్నిటికీ చెల్లేది. ఓటు తర్వాత ఏజెన్సీ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిపోయింది. లైసెన్సు ఉన్న కంపెనీ ఈయూలోనే ఉండాలి, ప్రతి బ్యాచ్‌నీ విడుదల చేస్తూ సంతకం పెట్టే నిపుణుడూ ఈయూలోనే ఉండాలి. అంటే లండన్ సంతకం చెల్లదు. ఒక్కో మందు ఫైలు తీసి, ఐర్లండ్‌లోనో మాల్టాలోనో కొత్త చిరునామా మీదికి మార్చాలి. చిరునామా మారితే అట్టపెట్టె మారాలి, లోపలి కాగితం మారాలి, అన్ని భాషల్లో. మాత్ర మాత్రం అదే మాత్ర.

2019లో 'ఒప్పందం లేకుండానే వెళ్లిపోతారు' అన్న టెన్షన్‌లో మార్చి గడువుకి రాత్రుళ్లు కూర్చుని పూర్తి చేశాం. తీరా వాళ్లు గడువు పొడిగించారు. మళ్లీ అక్టోబర్ అన్నారు. మళ్లీ పొడిగించారు. ఆఖరికి 2020 జనవరి 31న బయటికెళ్లారు. మాకు ఖర్చు ఒకసారి అయింది, కంగారు మూడుసార్లు అయింది. ఎప్పుడు ఏం జరుగుతుందో తెలీకపోవడం కూడా ఖర్చే, అది ఏ పద్దులో రాయాలో మా అకౌంట్స్ వాళ్లకి ఇప్పటికీ తెలీదు.

బెల్‌ఫాస్ట్_నర్సు
మా ఉత్తర ఐర్లండ్ సూపర్‌మార్కెట్లో పెరుగు డబ్బా మీద 'ఈయూకి కాదు' అని రాసుంటుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన సరుకు ఈయూలో ఉన్న అవతలి ఐర్లండ్‌లోకి జారిపోకుండా అన్నమాట. దేశం ఒకటే, పెరుగుకి మాత్రం పొలిమేర.

సికింద్రాబాద్_చాయ్
పెరుగు అంటే గుర్తొచ్చింది. మా బావ కారులో లండన్ నుంచి పారిస్ బయల్దేరాడు, మా అక్క అలవాటుగా పులిహోర, పెరుగన్నం కట్టింది. డోవర్ రేవు దగ్గర లైన్లో ఉండగా ఎవరో చెప్పారట, పాలు, మాంసం తీసుకెళ్లకూడదని. పెరుగన్నం పారేయడానికి అక్క ఒప్పుకోదు. పొద్దున తొమ్మిదింటికి నలుగురూ కార్లో కూర్చుని గిన్నె ఖాళీ చేశారు. ఓడెక్కాక బావ పరిస్థితి రాయను.

కోడ్_రావు
వాళ్లు అదృష్టవంతులు. 2021 జనవరిలో డచ్ కస్టమ్స్ వాళ్లు ఒక లారీ డ్రైవరు దగ్గర హామ్ శాండ్‌విచ్ లాక్కున్నారు. మాంసం తీసుకోండి, రొట్టెయినా ఇవ్వండి అంటే కుదరదన్నారు. టీవీలో వచ్చింది.

బెజవాడ_లారీ
డ్రైవరు తిండి లాక్కున్నారా. పాపం తగుల్తుంది.

స్లౌ_సత్తిబాబు
శాండ్‌విచ్ లాక్కుంది వాళ్లు, తిట్లు మాకా? మన ప్రభుత్వం ఈయూ సరుకుని మూడేళ్లు దాదాపు తనిఖీ లేకుండా రానిచ్చింది.

కోడ్_రావు
అదే కదా నా బాధ. మన ఎగుమతిదారుడికి మొదటి రోజు నుంచే కాగితాలు. వాళ్ల ఎగుమతిదారుడికి ఇక్కడ తనిఖీలు వాయిదా మీద వాయిదా వేసి 2024 ఏప్రిల్ 30న గానీ మొదలవలేదు. పరుగుపందెంలో మన కాలికే రాయి కట్టుకున్నాం. మొదలుపెట్టాక డోవర్ మీదుగా వచ్చే తిండి సరుకుల మీద రుసుము, కొన్ని రకాలకి ఒక్కోదానికి 29 పౌండ్లు, ఒక కన్‌సైన్‌మెంటుకి 145 దాకా. ఇటలీ నుంచి నాలుగు పెట్టెల చీజ్ తెప్పించుకునే చిన్న కొట్టువాడు ఏం చేస్తాడు? మానేస్తాడు, లేకపోతే ధర పెంచుతాడు.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వాళ్ల లెక్కలో కొత్త ఒప్పందం తర్వాత ఈయూకి ఎగుమతి పూర్తిగా మానేసిన బ్రిటన్ కంపెనీలు 16,400. అవి పెద్దవి కావు. లెస్టరమ్మ లాంటివే.

లెస్టర్_పొడులు
నేను 16,401 అన్నమాట.

డబ్లిన్_దోశ
ఇక్కడి కొట్ల సంగతి కూడా చెప్పాలి. మన సోనా మసూరి సంచులు ఇదివరకు ఇంగ్లండ్ హోల్‌సేల్ నుంచే వచ్చేవి. రావు గారు చెప్పినట్టు అది ఇండియా బియ్యం, బ్రిటన్‌ది కాదు. అక్కడ ఒకసారి సుంకం కట్టి దింపింది మళ్లీ ఇక్కడికి తెస్తే ఈయూ సుంకం ఇంకోసారి. దాంతో మా కొట్టువాడు రోటర్‌డామ్ మీదుగా తెప్పించడం మొదలుపెట్టాడు. ఆరు నెలలు ఇబ్బంది పడ్డాం, తర్వాత ఎవరికీ గుర్తులేదు. ఇంగ్లండ్ హోల్‌సేలర్‌కి మాత్రం గుర్తుండే ఉంటుంది.

గోదారి_రొయ్య
ఇవన్నీ సరే, మా భీమవరం సంగతి చెప్పండి. అమెరికా సుంకం దెబ్బకి రొయ్యల కౌంటు ధరలు పడిపోయాయి. సత్తిబాబు గారన్న ఇండియా ఒప్పందంలో రొయ్యకి సుంకం తీసేస్తారంట. ఇక ఇంగ్లండ్ తినేస్తుందా మా రొయ్యల్ని?

కోడ్_రావు
ఒప్పందం ప్రకారం రొయ్యకి సుంకం సున్నా, నిజమే. మంచిదే. కానీ ఈ దారం మొదటి పోస్టు ఇంకోసారి చదవండి. యాంటీబయోటిక్ అవశేషాల పరీక్ష తప్పితే కంటైనర్ ఆగుతుంది, సుంకం ఎంతున్నా. పైగా అమెరికా కొన్నంత ఇంగ్లండ్ కొనదు.

గోదారి_రొయ్య
అంటే మాకూ పశువుల డాక్టరే గతి

స్లౌ_సత్తిబాబు
ఇంత ఏడుపు దేనికి, 2025 మే 19న ఈయూతో మళ్లీ కూర్చున్నారు కదా. తిండి సరుకులకి ఈ సర్టిఫికెట్లు లేకుండా చేసే ఒప్పందానికి చర్చలు అన్నారు.

లెక్కల_మాస్టారు
దానికి బదులు ఆ రంగంలో ఈయూ రూలు మార్చినప్పుడల్లా బ్రిటన్ మార్చుకోవాలి. రూలు రాసే బల్ల దగ్గర మాత్రం ఓటు ఉండదు. చేపల వేటకి కూడా వాళ్లకి 2038 దాకా దారి ఇచ్చారు. ఉన్నప్పుడు ఓటుండేది.

స్లౌ_సత్తిబాబు
ఆ మాట మాత్రం గుచ్చుకుంది మాస్టారూ. దానికంటే సర్టిఫికెట్లే నయం అంటాను నేను.

లెస్టర్_పొడులు
నయమా? నా పెట్టె మీరు మోయండి ఓసారి.

సరే, నేనొక నిర్ణయానికొచ్చాను. యూరప్ ఆర్డర్లు ఆపేస్తున్నాను. డబ్లిన్‌లో మా పిన్నిగారమ్మాయి ఖాళీగా ఉంది, అక్కడే రిజిస్టర్ చేయించి, అక్కడే దంచి, అక్కణ్ణుంచే జర్మనీకి పంపుతుంది. నాకు డబ్బాకి ఇంత అని ఇస్తుంది.

జీడిమెట్ల_ఫైళ్లు
మా కంపెనీ కూడా సరిగ్గా ఇదే చేసింది. దానికి కన్సల్టెంట్లకి ఎంత పోశారో చెబితే మీరు నవ్వుతారు.

డబ్లిన్_దోశ
అక్కా మొదటి ఆర్డర్ నాదే. ఈసారి చీటీ పెట్టినా కట్టేస్తా.

లెస్టర్_పొడులు
నువ్వు డబ్బులు ముందే కడితేనే.

కోడ్_రావు
సున్నుండల కొలత ఫోన్లో చెప్పండి, దానికి కస్టమ్స్ లేదు.

లెస్టర్_పొడులు
అదే చెబుతున్నా నిన్నటి నుంచి. పొట్టు మినపప్పు సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించమంటే, అది పొట్టు తీసిన పప్పు కొనుక్కొచ్చింది.

బెజవాడ_లారీ
పొట్టు తీస్తే ఆ రుచి రాదమ్మా. బెల్లమా, పంచదారా?

మిల్టన్‌కీన్స్_కోడలు
పంచదార

బెజవాడ_లారీ
మిమ్మల్ని అడగలేదు